ప్రయాణపు పెట్టె



ప్రయాణము చేయువారెవరైనను, పెట్టె సర్దువారు మాత్రము సాధారణముగా ఇంటి స్త్రీలే. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో ఈ పని మఱింత బాధ్యతతో గూడినది. 1970 దశకము మొదలు ఈ సీమనుండి దుబాయి, మస్కటు, కువైటు, సౌదీ దేశములకు జనులు పనికై పోవుచున్నారు. పూర్వము పలువురు బొంబాయి మీదుగా వెళ్లెడివారు; 2008లో శంషాబాదు విమానాశ్రయము తెఱవబడిన పిమ్మట అక్కడినుండియే వెళ్లుచున్నారు. విహారమునకు పోవువాని పెట్టె వేఱు, రెండేండ్లకు ఇల్లు విడిచి పోవువాని పెట్టె వేఱు. అందుచే ఈ నెల ఈ విషయమునే చర్చింపదలచితిమి.

మొదట చూడవలసినది బరువు. టిక్కెట్టుపై ఎన్ని కిలోలు అనుమతియో వ్రాసియుండును. ఇది సంస్థను బట్టి, టిక్కెట్టు ధరను బట్టి మాఱుచుండును గనుక పొరుగువారి మాట నమ్మక మన టిక్కెట్టునే చదువవలయును. ఒక్కొక్క పెట్టె 32 కిలోలకు మించినచో విమానసంస్థలు సాధారణముగా స్వీకరింపవు. పెద్ద పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలుండును. మూడు కిలోల పెట్టె దొరకినచో మిగిలిన బరువునకు ఒక తొక్కు డబ్బాయు, రెండు జతల బట్టలును పట్టును. కావున అంగడిలో పెట్టె రంగు చూచుటకు ముందు దానిని ఒంటిచేత ఎత్తి చూడుడు.

జగిత్యాల సమీపమున మేమెఱిగిన యొక యింట, తల్లియు భార్యయు కలిసి రెండు రాత్రులు మేల్కొని పెట్టె సర్దిరి. సకినాలు, మామిడికాయ తొక్కు, కారపుపొడి, క్రొత్త దుప్పటి అన్నియు నందుంచిరి. తూచుట మాత్రము మఱచిరి. విమానాశ్రయమున 6 కిలోలు ఎక్కువ తేలెను. వెనుక జనము నిలిచియుండగా ఆ యువకుడు నేలపై మోకరిల్లి పెట్టె తెఱచి, ఏది విడువవలెనో తోచక, సకినాల డబ్బాను, దుప్పటిని సాగనంప వచ్చిన బావమరది చేతికిచ్చెను. తిరిగి మూయబోగా జిప్పు తెగెను. త్రాడుతో కట్టి పంపిరి. ఆ డబ్బా మఱునాడు ఇల్లు చేరినను తల్లి దానిని చాలదినములు తెఱవలేదు. వ్రేలాడదీసి తూచు చిన్న కాటా నేడు కొలది వందల రూపాయలకే లభించుచున్నది. అది లేనిచో, మనుష్యులు నిలిచి తూచుకొను యంత్రముపై ముందు ఒంటరిగాను, పిదప పెట్టె నెత్తుకొనియు నిలిచి, మొదటి తూకమును రెండవదానినుండి తీసివేసినచో పెట్టె బరువు తెలియును.

ఇక పెట్టె ఎట్టిది కొనవలయును? గట్టి ప్లాస్టికు పెట్టెలలో పాలికార్బనేటుతో చేసినది ఒత్తిడికి వంగి మరల యథారూపము పొందును. చౌకరకపు పెట్టెలు దెబ్బకు చిట్లును. దళసరి నైలాను బట్టతో చేసిన పెట్టె వానకు కొంత తడిసినను పగులదు. పై అఱలు కూడ నుండును. దేనిని కొన్నను జిప్పును పదిసార్లు తెఱచి మూసి చూడుడు. పిడిని పూర్తిగా లాగి ఊపి చూడుడు. చక్రముల పెట్టెకు అమెరికాలో బెర్నార్డ్ శాడో అనునతనికి 1972లో పేటెంటు లభించినది. అంతవఱకు లోకమంతయు పెట్టెలను ఎక్కువగా మోయుచునే యుండెను. నాలుగు చక్రముల పెట్టె విమానాశ్రయపు నున్నని నేలపై సుఖముగా సాగును గాని, మన బస్సు స్టాండులలోను, గ్రామపు కంకర బాటలలోను దాని చిన్న చక్రములు విఱుగును. అట్టిచోట రెండు పెద్ద చక్రముల పెట్టెయే మేలు.

ఇప్పుడు చెప్పబోవునది అన్నింటికంటె ముఖ్యము. గసగసాలు గల్ఫు దేశములకు ఎన్నడును పంపకుడు. మాంసపు కూరల మసాలాలో వానిని వేయుట మన వాడుక. కాని సౌదీ అరేబియాలోను, దుబాయి మొదలగు ఎమిరేటులలోను అవి మాదకద్రవ్యములతో సమానముగా నిషేధింపబడినవి. పిడికెడు గసగసాలకై చెఱసాల ప్రాప్తింపవచ్చును. నూరి మసాలాలో కలిపినను దోషమే. ట్రమడాల్, కోడీన్ చేరిన నొప్పి మందులు, దగ్గు మందులు కూడ అచ్చట కట్టుదిట్టమునకు లోబడినవి. నిత్యము మందు వాడువాడైనచో, అది అచ్చట అనుమతింపబడినదో లేదో ముందే విచారించి, వైద్యుని చీటీతోను, అసలు పొట్లముతోను పంపవలయును. ఊరివారు “మా వానికి ఈ చిన్న పొట్లమందింపుడు” అని తెచ్చి యిచ్చుట గలదు. మొగమాటపడి విప్పి చూడక పెట్టెలో వేయకుడు. పట్టుబడినచో పెట్టె ఎవరిదో వానినే అడుగుదురు గాని పొట్లమిచ్చినవానిని కాదు. మన యెదుట విప్పి చూపనివారి పొట్లమును తిరిగి యిచ్చివేయుటలో తప్పులేదు.

చేతిసంచిలో పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందపు కాగితములు, వాని నకళ్లు, రెండు దినముల మందులు, ఒక జత బట్టలు ఉంచవలయును. ఫోనునకు విద్యుత్తునిచ్చు పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండవలయును. పెద్ద పెట్టెలో అది కూడదు. తొక్కు, నూనె మాత్రము పెద్ద పెట్టెలోనే పోవలయును. డబ్బా మూత చుట్టును ప్లాస్టికు కాగితము బిగించి, రెండు సంచులలో నుంచి, బట్టల నడుమ పెట్టుడు. పేరు, ఫోను సంఖ్య వ్రాసిన చీటీ పెట్టె వెలుపల ఒకటి, లోపల ఒకటి ఉండవలయును. పిడికి ఎఱ్ఱని గుడ్డముక్క కట్టినచో దూరమునుండియే గుర్తింపవచ్చును. విమానసంస్థ అంటించి యిచ్చు చీటీని ఇల్లు చేరువఱకు పాఱవేయరాదు. పెట్టె విఱిగినచో అందిన 7 దినములలోపల, ఆలస్యముగా అందినచో అందిన 21 దినములలోపల సంస్థకు వ్రాతమూలముగా తెలుపవలెనని మాంట్రియల్ ఒడంబడిక నియమము. భారతదేశము 2009లో అందులో చేరినది.

వ్యాపారమునకై ప్రదర్శనములకు వెళ్లు స్త్రీలును నేడు మనలో గలరు. కరీంనగరపు వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించినది. అట్టి సరుకును పెద్ద పెట్టెలో వేయక చేతిసంచిలోనే తీసికొనిపోవలయును. రబ్బరు తాకినచో వెండి నల్లబడును గనుక రబ్బరు పట్టీలు వేయక, నూలుగుడ్డలో చుట్టి గాలి చొరని సంచిలో నుంచుడు. నిర్మల్ బొమ్మలు తేలికయగు పొణికి కఱ్ఱతో చేసినవి. బరువు తక్కువే గాని ఒత్తిడికి చెడును. వానిని పెట్టె నడుమ మెత్తని బట్టలలో నుంచవలయును.

వేములవాడ, ధర్మపురి, బాసర యాత్రలకు ఇంత ఏర్పాటు అక్కఱలేదు. భుజమునకు వ్రేలాడు సంచి యొకటి, సద్దిడబ్బా, నీటిసీసా చాలును. పుష్యమాసపు అమావాస్యకు కేస్లాపురమున జరుగు నాగోబా జాతరకు పోవువారు మాత్రము ఆదిలాబాదు చలిని మఱువరాదు. గొంగడియో, దళసరి దుప్పటియో తప్పక ఉండవలయును. ఆ జాతరకై మెస్రం వంశపు గోండులు గోదావరిలోని హస్తినమడుగు వఱకు కాలినడకన పోయి గంగాజలము తెత్తురు. అంతదూరము నడచువారికి ఏది అవసరమో, ఏది కాదో ఎవరును చెప్పనక్కఱలేదు.

తుదకు ఒక్క మాట. పెట్టెలోని వస్తువుల పట్టికను రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి మూతలోపల అంటించి, రెండవది ఇంట ఉంచుకొనుడు. పెట్టె పోయినచో అది సాక్ష్యము. పోనిచో తిరిగివచ్చునాటికి సరిచూచుకొనుటకు పనికివచ్చును. పెట్టె మూయుటకు ముందు పయనమగువానిని కూర్చుండబెట్టి, ఏ వస్తువు ఎక్కడనున్నదో ఒకసారి చూపుడు. పరదేశమున రాత్రివేళ అలసి చేరినవానికి తువాలు వెదకులాట లేకుండ దొరకుటకంటె ఇంటివారు పంపగల సుఖము వేఱొకటి లేదు.