ఆ గిటారు అమ్మెయ్యకు, తమ్ముడూ!

సాయంత్రం ఆరు దాటాక రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఒక భుజాన లాప్‌టాప్ సంచీ, రెండో భుజాన గిటారు సంచీ... అలాంటి కుర్రాళ్లో అమ్మాయిలో ఒకరిద్దరైనా కనిపించకపోరు. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచినప్పుడు ఈ రాళ్లగుట్టల మధ్యకి కంప్యూటర్లు వస్తాయనుకున్నారు గానీ, వాటి వెనకాలే ఇన్ని గిటార్లు వస్తాయని ఎవరనుకున్నారు!

అలాంటి కుర్రాడే ఒకడు ఈ శీర్షికకు ఉత్తరం రాశాడు. మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటాడట. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యను. ఉత్తరం సారాంశం ఇదీ: "సార్! ఏ సినిమా పాటైనా నాలుగుసార్లు వింటే వాయించేస్తాను. ఆఫీసు ఫంక్షన్లో చప్పట్లు కూడా కొట్టారు. మొన్న క్లాసులో చేరితే మాస్టారు నొటేషన్ కాగితం ముందు పెట్టారు. నాకు చీమల బారులా కనిపించింది. చదవడం రానివాడిది సంగీతం కాదన్నారు. గిటారు సగం ధరకి అమ్మేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?"

ఆగు తమ్ముడూ! అమ్మే ముందు నా కథ కాస్త విను.

2007లో 'హ్యాపీడేస్' వచ్చినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. మిక్కీ జె. మేయర్ పాటలు విని గిటారు కొన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. గురువు లేడు, పుస్తకం లేదు. సెల్‌ఫోన్లో పాట, చేతిలో గిటారు, అంతే! కొన్నేళ్లకి ఓ రికార్డింగులో కూర్చునే అవకాశం వచ్చింది. కాగితం ముందు పెట్టారు. "ఒక్కసారి పాడి వినిపిస్తారా?" అన్నాను. టైము లేదన్నారు. పావుగంటలో ఇంకో కుర్రాడు వచ్చి, కాగితం చూసి వాయించేసి, టీ తాగి వెళ్లిపోయాడు. నా గిటారు రెండేళ్లు మంచం కిందే ఉంది.

మళ్లీ బయటికి తీయించింది మా నాన్న. కొండాపూర్‌లో నా గదికి వచ్చినప్పుడు, ఓ రాత్రి కరెంటు పోయింది. ఏమీ తోచక ఆయన పాత ఘంటసాల పాట ఒకటి కూనిరాగం తీశారు. చరణంలో మాటలు మరిచారు, శ్రుతి కూడా జారింది. నా వేళ్లు ఊరుకోలేదు. చీకట్లో తడుముకుంటూ ఆయన 'స' ఎక్కడుందో పట్టుకున్నాను. నాన్న ఆగి, "ఇది నీకెప్పుడొచ్చురా?" అన్నారు. అంతకు ముందు ఆ పాట నేనెప్పుడూ వాయించలేదు! చెప్పండి, మా నాన్న గొంతుకి నొటేషన్ ఎవరు రాసిస్తారు?

చెవితో నేర్చినవాళ్లు తక్కువవాళ్లా? మన బాలసుబ్రహ్మణ్యంగారు చదువుకున్నది ఇంజనీరింగు. శాస్త్రీయ సంగీతం ఓ గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవారు కారు. అలాంటి మనిషి 1980లో విడుదలైన 'శంకరాభరణం'లో శాస్త్రిగారి గొంతు అయ్యారు! మహదేవన్ గారి బాణీలను పుహళేంది గారు నేర్పగా, విని, సాధన చేసి పాడారు. ఆ చిత్రంతోనే ఆయనకు తొలి జాతీయ అవార్డు వచ్చింది. దేశం దాటితే, బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్‌నీ తనకు నొటేషన్ రాయడం, చదవడం రాదని తనే చెప్పుకున్నాడు. జాంగో రైన్‌హార్ట్‌కైతే 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్లు దెబ్బతిన్నాయి. నొటేషనూ రాదు. అయినా గిటారు లోకం ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటుంది.

అయితే తమ్ముడూ, "నొటేషన్ ఎందుకు దండగ" అని కాలరెగరేయకు. బాలు గారి తొలినాళ్ల కచేరీ బృందంలోనే గిటారు వాయించిన ఓ యువకుడున్నాడు. పల్లెల్లో అన్నగారి వెంట తిరుగుతూ పాటలు పట్టుకున్నవాడే. మద్రాసు వచ్చాక ధన్‌రాజ్ మాస్టారి దగ్గర కూర్చుని పాశ్చాత్య సంగీతం రాయడం, చదవడం నేర్చాడు. ఆయనే ఇళయరాజా! 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీని తమిళం ముక్క రాని వాద్యకారులు వాయించారంటే, అది కాగితం చలవే కదా? 1904లో సుబ్బరామ దీక్షితులు గారు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో అచ్చువేయించింది కూడా గురుముఖంగా వచ్చిన సొత్తు చెదిరిపోకూడదనే.

అంటే, చెవి పాటను పట్టుకుంటుంది. కాగితం దాన్ని పదిమందికి చేరుస్తుంది. ఆ రోజు రికార్డింగులో నా చెవి నన్ను మోసం చెయ్యలేదు. రెండో విద్య నేర్చుకోని బద్ధకమే నా పని పట్టింది!

ఇక చెవికి కసరత్తు ఎలాగంటారా? ముందు గిటారు పక్కన పెట్టి పాట నోటితో పాడండి. నోట పలకనిది వేళ్ల కింద పలకదు. తర్వాత పాట ఏ స్వరం దగ్గరికొస్తే ఇంటికి చేరినట్టుంటుందో చూడండి. అదే 'స'. దాన్ని లావుపాటి ఆరో తీగ మీద వెతకండి. ఒక్కో మెట్టూ అరస్వరం, పన్నెండు మెట్లకి మళ్లీ అదే స్వరం, పై స్థాయిలో. వెతికితే దొరక్క ఎక్కడికి పోతుంది?

'స' దొరికితే 'మ', 'ప' పక్కనే ఉంటాయి. జి కార్డు 'స' అయితే, సి కార్డు 'మ', డి కార్డు 'ప'. ఈ మూడింటితోనే కొన్ని పల్లవులు గట్టెక్కుతాయి. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన శంకరాభరణం స్వరాలే, కనుక ఇది మనకి పరాయి విద్యేమీ కాదు. పాట వేగంగా ఉంటే ఫోన్లో సగం వేగానికి తగ్గించి వినండి. చివరగా మీ వాయింపు రికార్డు చేసి అసలు పాటతో పోల్చండి. మొదట్లో సిగ్గేస్తుంది. పర్వాలేదు, సిగ్గుపడేదాకా చెవి నిద్ర లేవదు.

తమ్ముడూ, మళ్లీ క్లాసుకి వెళ్లు. చీమల బారును రోజుకో వరుస చొప్పున చదవడం నేర్చుకో. నాకు ముప్పై దాటాక మొదలైంది, ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాను. కానీ ఇంటికొచ్చాక దీపం ఆర్పి, విన్న పాటొకటి చీకట్లో వెతుక్కో. మీ ఊరికి సెలవుల్లో వెళ్లినప్పుడు గిటారు కూడా తీసుకెళ్లు. మీ ఇంట్లో కూనిరాగం తీసేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల 'స' ఎక్కడుందో పట్టుకుని, నాకో ఉత్తరం రాయి.

సగం ధరకి మాత్రం అమ్మకు. ఉంటాను, వచ్చేవారం కలుద్దాం!