తాళంచెవి ఉన్న గది

రాత్రి గాజువాకలో షాపుల షట్టర్లు పడగానే అరుగుల మీద గోనెపట్టాలు పరుచుకుంటాయి. పడుకునేవాళ్లు చెప్పులు తలకింద పెట్టుకుంటారు, తెల్లారేసరికి ఉండవేమోనని.

పెద్ద నగరాల్లో ఇల్లులేనివాళ్ల కోసం లక్ష జనాభాకు ఒక బస ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో గాజువాకను కలుపుకున్న విశాఖ కార్పొరేషన్ జనాభా 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటింది. అంటే కనీసం 17 బసలు. అందులో మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలన్నది కేంద్రం మార్గదర్శకం.

సరే, కూలికి వచ్చినవాడికి చాప, దుప్పటి, స్నానానికి నీళ్లు ఉంటే రోజు గడుస్తుంది. మతి చలించి, రైలెక్కి ఈ ఊళ్లో తేలినవాళ్ల సంగతేమిటి? చినవాల్తేరు మానసిక వైద్యశాలలో నయమైనా, తీసుకెళ్లేందుకు ఎవరూ రాకపోతే మళ్లీ అరుగే. వాళ్లకు కావాల్సింది సొంత తాళంచెవి ఉన్న గది, వేళకు మందు గుర్తుచేసే తోడు.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. చెన్నైలో ఇలాంటివాళ్ల కోసం పనిచేసే బాన్యన్ సంస్థ 2015 నుంచి మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని కలిపి, సహాయకుల తోడుతో ఉంచుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి ఆసరా ఇళ్ల బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది.

కార్పొరేషన్ బడ్జెట్‌లో ఈ ఆసరా ఇళ్ల పద్దు ఎక్కడుందో పాఠకులు తమ కార్పొరేటర్‌ను ఒకసారి అడగాలి.