చట్టంలో రెండో సగం

పరుల మేధను దొంగిలించి బాగుపడిన జాతి లేదని ఈ మధ్య ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు ఘంటాపథంగా చెప్పారు. మన దేశంలో పేటెంటు చట్టం ఉన్నా అమలు లేదన్నది ఆయన ఆవేదన. సభలో చప్పట్లు మోగాయి. పటాన్‌చెరు మందుల కర్మాగారాలలో పనిచేసేవారు అద్దెకుండే ఇంద్రేశం మా ఊరు. వారి మధ్య కాపురముంటున్న నేను ఆ చప్పట్లలో చేయి కలపలేకపోయాను. ఎందుచేతనో మనవి చేస్తాను.

1911 నాటి తెల్లవారి చట్టం కింద మందు మీద కూడా పేటెంటు ఉండేది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1970లో కొత్త చట్టం వచ్చింది, 1972లో అమలయింది. మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికే ఉంది, అదీ ఏడేళ్లకు మించదు అన్నది దాని సారం. సోవియట్ సహాయంతో హైదరాబాదులో వెలసిన ఐ.డి.పి.ఎల్. ఎందరో రసాయన శాస్త్రజ్ఞులకు బడి అయింది. ఆ బడికి ఈ చట్టం తోడయింది. మా ప్రాంతపు మందుల పరిశ్రమ ఈ రెంటి నీడలో పెరిగింది. అదే మందును మరో పద్ధతిలో చేయడం దొంగతనం కాదు, శాసనమిచ్చిన హక్కు.

నకిలీ మందు సంగతి వేరు. ఒకరి పేరు తగిలించి సుద్దపొడి అమ్మేవాణ్ణి జైలుకు పంపవలసిందే. కాని వాడినీ, సొంత పేరుతో నిఖార్సయిన మందు చేసేవాణ్ణీ ఒకే గాటన కట్టడం అజ్ఞానమైనా కావాలి, స్వార్థమైనా కావాలి. మన యజమానులంతా ధర్మరాజులని నా వాదం కాదు. నక్కవాగును చూసినవారెవరూ ఆ మాట అనలేరు.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మూలంగా 2005లో మందు మీద పేటెంటు తిరిగి వచ్చింది, ఈసారి ఇరవై ఏళ్లకు. అయితే అదే చట్టంలో ప్రజల కోసం కొన్ని కాపలాలున్నాయి. పేటెంటు పొందిన మందు అందుబాటు ధరకు దొరకకపోతే, మూడేళ్ల తరువాత మరొకరికి తయారీ అనుమతి ఇవ్వవచ్చునని 84వ సెక్షన్ చెబుతుంది. 2012 మార్చిలో హైదరాబాదు నాట్కో కంపెనీకి అలాగే అనుమతి వచ్చింది. కాలేయం, మూత్రపిండాల క్యాన్సరుకు వాడే బేయర్ కంపెనీ మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలు. నాట్కో ధర 8,800. హక్కుదారుకు ముట్టజెప్పవలసిన రాయల్టీ కూడా నిర్ణయించారు. 2014లో సుప్రీంకోర్టు దాకా పోయినా ఆ అనుమతి నిలిచింది.

మరి ఆ తరువాత? ఆ సెక్షన్ కింద రెండో అనుమతి రాలేదు. మధుమేహపు మందుకోసం హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా అడిగితే 2016లో తిరస్కరించారు. 2021లో కొవిడ్ విజృంభించినపుడు సుప్రీంకోర్టే ప్రశ్నించినా, ఇలాంటి అధికారాలను కేంద్రం బయటికి తీయలేదు.

కనుక అమలు లేదన్న మిత్రుని మాట నిజమే. ఏ సగానికి అమలు లేదన్నదే ప్రశ్న. హక్కుదారుకు న్యాయవాదులున్నారు, స్టే ఉత్తర్వులున్నాయి, వెనుక పెద్ద దేశాల ఒత్తిడి ఉంది. రోగికి చట్టంలో ఒక సెక్షన్ ఉంది; దాన్ని పట్టుకొని కోర్టుకెక్కే తాహతు లేదు. రోగి తరఫున కదలవలసిన ప్రభుత్వం కదలదు.

నీ పుస్తకాన్ని దొంగ అచ్చు వేస్తే ఊరుకుంటావా అని మిత్రుడు అడగవచ్చు. ఊరుకోను. రచయిత శ్రమకూ, శాస్త్రజ్ఞుని శ్రమకూ ప్రతిఫలం ఉండి తీరాలి. కాని నా పుస్తకం దొరకక చచ్చినవాడు లేడు. మందు దొరకక చచ్చేవాడు ఉన్నాడు. ఆ మందు పొడిని జల్లెడ పట్టిన చేతులు ఆ మాత్రను కొనలేని రోజు ఉంది.

చట్టాన్ని అమలు చేయమని కోరండి. కాని సగం కాదు, మొత్తం కోరండి.