నాన్నగారికి మతిమరుపు – అమ్మకు విశ్రాంతి ఏది?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్ళు. రెండేళ్ళుగా మతిమరుపు. అన్నం తిన్న పావుగంటకే అరుగు మీద కూర్చుని, "నాకింకా అన్నం పెట్టలేదు" అని దారిన పోయేవాళ్ళతో చెబుతారు. తన డబ్బు అమ్మే దాచేసిందంటారు. పొద్దు వాలితే "మా ఇంటికి పోతాను" అంటూ బయలుదేరతారు. పల్లెలో అమ్మ ఒక్కతే చూసుకుంటోంది. నిద్ర లేక చిక్కిపోయింది. చుట్టాలు ఆమెనే తప్పుపడుతున్నారు. నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నాను. ఏం చేయమంటారు?
– ఒక సోదరుడు, గుంటూరు

జవాబు: మీ ఇంట్లో వైద్యసహాయం కావలసినవారు ఇద్దరున్నారు. రెండవవారు మీ అమ్మగారు.

ముందుగా నాన్నగారిని మానసిక వైద్యునికిగాని, నరాల వైద్యునికిగాని చూపించండి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, పడినప్పుడు తలలో రక్తం చేరడం, మనోవ్యాకులత – వీటివల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. ఇవేవీ కావని, డిమెన్షియా అని తేలితే, దాన్ని పూర్తిగా నయంచేసే మందు లేదు. కొందరికి మందులతో కొంత మేలు కలుగుతుంది. మిగిలినదంతా సంరక్షణే.

ఇది చాదస్తం కాదు, మెదడు జబ్బు. 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం మనదేశంలో 60 ఏళ్ళు దాటిన ప్రతి 100 మందిలో 7గురికి పైగా ఈ జబ్బుతో ఉన్నారు. పట్టణాలలోకన్నా పల్లెలలోనే ఎక్కువ.

నింద వేసినప్పుడు వాదించవద్దని అమ్మగారికి చెప్పండి. "వంట అవుతోంది, ఈలోగా మజ్జిగ తాగండి" అంటే చాలు. స్నానం, భోజనం, పడక రోజూ ఒకే వేళకు జరగాలి. పురుగుమందు డబ్బాలు, కొడవళ్ళు అందకుండా దాచండి. బావికి మూత వేయించండి. చొక్కా జేబులో పేరు, ఊరు, మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచండి.

ఇక ఊరి సాయం. జబ్బు సంగతి దాచకండి. ఇరుగుపొరుగుతో, టీకొట్టు వాళ్ళతో, బస్సు దగ్గర ఆటోవాళ్ళతో విడమరిచి చెప్పండి. అప్పుడు అమ్మగారిమీద నిందా పోతుంది, ఆయన దారి తప్పితే ఇంటికి చేర్చేవాళ్ళూ దొరుకుతారు. రోజుకు రెండు గంటలు ఎవరైనా ఆయన దగ్గర కూర్చునే ఏర్పాటు చేయండి. ఆశా కార్యకర్తకు తెలియజేసి, అమ్మగారికి కూడా బి.పి., షుగరు చూపించండి.

ఇటువంటి సాయం ఊరట మాటలకే పరిమితం కాదు. గోవాలో 81 కుటుంబాలతో జరిపిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. శిక్షణ పొందిన స్థానికులు ఆరునెలలపాటు ఇళ్ళకు వెళ్ళి సలహా చెప్పగా, చూసుకునేవారి మనోవేదన తగ్గింది.

మనసు కుంగినప్పుడు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు, వృద్ధుల సహాయానికి 14567కు ఫోన్ చేయవచ్చు. ఖర్చు లేదు.

చివరగా ఒక మాట. నెలకు నాలుగు రోజులు మీరు వెళ్ళి నాన్నగారి దగ్గర ఉండండి. ఆ నాలుగు రోజులూ అమ్మగారిని ఆమె అక్కచెల్లెళ్ళ ఇంటికో, మీ ఇంటికో పంపి కంటినిండా నిద్రపోనివ్వండి. డబ్బు పంపడం ఒక్కటే సరిపోదు.