అడిగేముందు ఊరి లెక్క రాసుకుందాం

కోరుట్ల దిక్కు ఏ ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నా ఒకే మాట వినబడుతుంది. "వాన కాలానికి వస్తలేదు. వస్తే ఒక్కనాడే కుమ్మరించి పోతున్నది." సిరిసిల్ల దిక్కు కోనరావుపేట, రుద్రంగి, వీర్నపల్లి మెట్ట పొలాల్లోనూ అదే మాట. 2023 మార్చిలో పడ్డ వడగండ్లను మన రైతు ఇంకా మరచిపోలేదు. చేతికొచ్చిన పంట కండ్ల ముందే రాలిపోయింది. ఎకరాకు 10 వేల సాయం అని ఆనాడు ప్రభుత్వం ప్రకటించింది. సాయం నష్టం జరిగిన తర్వాతి మాట. నష్టం జరగకుండా ఊరు ముందుగా ఏం చేయాలన్నది అసలు మాట.

కుంట పూడిక తీద్దామని ఒకరంటారు. ఒర్రెకు అడ్డుకట్ట వేద్దామని మరొకరు, గుట్టవాలు మీద కానుగ చెట్లు పెడదామని ఇంకొకరు అంటారు. అందరూ తలలూపుతారు. అంతలో వెనుక నుంచి "పైసలు ఎవరిస్తరు పటేలా?" అని ఒక గొంతు లేస్తుంది. మాట అక్కడితో ఆగిపోతుంది.

ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు వెతుకుదాం. నా అభిప్రాయం ముందే చెబుతాను. పైసలు లేక పనులు ఆగుతున్నాయన్నది సగమే నిజం. ఊరి అవసరం అంకెల్లో, కాగితం మీద లేకపోవడం మిగతా సగం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అయితే ఏమి కావాలో, ఎంత కావాలో తెలియకుండా అడిగితే అమ్మ మాత్రం ఏం పెడుతుంది?

పవర్‌గూడ ఆడవాళ్ల పాఠం

జగిత్యాల నుంచి గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడ జైనూరు మండలంలో పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం ఉంది. అక్కడి మహిళా సంఘాలు కానుగ చెట్లు పెంచాయి, గింజ పోగు చేశాయి, గానుగ యంత్రం పెట్టి నూనె తీశాయి. డీజిలుకు బదులు ఆ నూనె వాడితే పదేళ్లలో ఎంత బొగ్గుపులుసు గాలి తగ్గుతుందో లెక్క కట్టారు. 147 టన్నులు తేలింది. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ లెక్కను కొని ఆ సంఘాలకు 645 డాలర్లు చెల్లించింది. వాషింగ్టన్‌లో జరిపిన ఒక సమావేశం వల్ల గాలిలో కలిసిన కాలుష్యానికి పరిహారంగా ఇచ్చిన సొమ్ము అది.

645 డాలర్లంటే అప్పటి మారకంలో సుమారు 30 వేల రూపాయలు. పెద్ద సొమ్మేమీ కాదు. అయినా గమనించవలసిన విషయం ఒకటుంది. పైసలు వచ్చిన తర్వాత ఆ ఆడవాళ్లు సంఘం పెట్టలేదు. సంఘం, చెట్లు, యంత్రం, లెక్క ముందే ఉన్నాయి కనుక పైసలు వెతుక్కుంటూ వచ్చాయి. మనం చేస్తున్నది దీనికి తలకిందులు. గ్రాంటు మంజూరైతే సంఘం పెడదామని కూర్చుంటున్నాం.

దగ్గరి తలుపు ముందు తట్టాలి

వాతావరణ నిధి అనగానే ఢిల్లీ, జెనీవా గుర్తుకొస్తాయి. నిజానికి మొదటి తలుపు మన గ్రామ పంచాయతీదే. ఏటా గ్రామసభ పెట్టి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాయాలి. నీటి సమృద్ధి గ్రామం, పచ్చదనం పరిశుభ్రత గల గ్రామం అన్నవి ఆ ప్రణాళికలో చేర్చదగిన అంశాలే. 2021 నుంచి 2026 వరకు నడిచిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, వాననీటి నిల్వ, పారిశుద్ధ్యం వంటి పనులకే కేటాయించారు. ఆ పద్దు కింద ఏ ఏ పనులు రాశారని మనలో ఎంతమందిమి గ్రామసభలో అడిగాం?

మన రాష్ట్రంలో సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర గ్రాంటు రాదు. అట్లా దాదాపు రెండేళ్లు ఊర్లు ఎండిపోయాయి. ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చారు. వారి మొదటి గ్రామసభల్లోనే కుంట పేరు, ఒర్రె పేరు, కావలసిన పని ప్రణాళికలోకి ఎక్కించాలి. ప్రణాళికలో లేని పనికి పైసా రాదు. ఉపాధి హామీ పనులకూ ఇదే సూత్రం. 2005 నాటి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. నీటి భద్రత పనులకు అందులోనూ చోటుంది.

నాబార్డు అడిగేది చెమట

రెండో తలుపు నాబార్డు. చాలామంది రైతులు దాన్ని అప్పులిచ్చే బ్యాంకులకు అప్పిచ్చే పెద్ద బ్యాంకుగానే ఎరుగుదురు. గ్రాంటు పనులూ దానికున్నాయి. 1999-2000లో కేంద్రంతో కలిసి వాటర్‌షెడ్ అభివృద్ధి నిధి పెట్టింది. జర్మనీ సాయంతో నడిచిన వాటర్‌షెడ్ కార్యక్రమం మన పాత కరీంనగర్ జిల్లాలో కూడా జరిగింది. ఈ పద్ధతిలో ఊరే ఒక వాటర్‌షెడ్ కమిటీని ఎన్నుకుంటుంది. ప్రతి గెట్టు దగ్గర రైతును నిలబెట్టి ఏ పొలానికి ఏ పని అని రాస్తారు. ఊరు శ్రమదానం చేసి చూపితేనే పూర్తి మంజూరు. కూలి ఖర్చులో కొంత భాగం ఊరివాళ్లే శ్రమగా ఇవ్వాలి. భూమి లేనివారికి ఆ భారం లేదు.

"మా చెమట కూడా వాళ్లకే కావాల్నా?" అని కొందరు కోపగిస్తారు. నేను దీన్ని వేరుగా చూస్తాను. తన చేతులతో రాయి పేర్చిన కట్టను ఏ రైతూ తెగనివ్వడు. కాంట్రాక్టరు కట్టిన చెక్‌డ్యాం పక్కన ఇసుక తోడుతున్నా అడిగేవాడు ఉండడు. ఈ దేశపు వాటర్‌షెడ్ పనులకు ఊరి కమిటీయే పట్టుగొమ్మ కావాలని 1994లో నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షత వహించిన సిహెచ్. హనుమంతరావు గారు మన కరీంనగర్ గడ్డ మీద పుట్టినవారే. ఆ మాట మనకు పరాయిది కాదు. అప్పటి మన జిల్లాలోని ముల్కనూరులో 1956లో రైతులు సొంత వాటాలతో సహకార సంఘం పెట్టుకున్నారు. అది నేటికీ నిలిచి ఉంది.

పెద్ద పెద్ద వాతావరణ నిధులు కూడా ఈ తలుపు గుండానే వస్తాయి. ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద ఏర్పడిన అడాప్టేషన్ ఫండ్‌కు మన దేశంలో నాబార్డు అమలు సంస్థ. ఆ నిధితో ఆంధ్రలో కృష్ణా, గుంటూరు తీర గ్రామాల్లో పని జరిగింది. 2015లో కేంద్రం పెట్టిన జాతీయ అనుసరణ నిధితో మన మహబూబ్‌నగర్ జిల్లాకు ఒక పథకం వచ్చింది. ఈ నిధులకు ఊరు నేరుగా ఉత్తరం రాయలేదు. సంస్థలు రాసే పథకంలో మన ఊరి పేరు ఉండాలి. అందుకు జిల్లాలను చూసే నాబార్డు అభివృద్ధి మేనేజరును ఒకసారైనా కలవాలి. కాగితం లేకుండా పోతే "చూస్తాం" అంటారు. ఊరి లెక్కతో పోతే కూర్చోబెట్టి వింటారు.

సంఘం లేనిదే సొమ్ము లేదు

మూడో మార్గం కంపెనీల సామాజిక బాధ్యత నిధి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇటువంటి పనులకు ఖర్చు చేయాలి. పర్యావరణం, గ్రామీణాభివృద్ధి ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఆ సొమ్ము నిన్నగాక మొన్న పుట్టిన సంఘానికి రాదు. మూడేళ్ల పని అనుభవం, ఆదాయపు పన్ను శాఖ నమోదులు, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీల శాఖలో ప్రత్యేక నమోదు కావాలి. కనుక ఇవన్నీ ఉన్న మంచి స్వచ్ఛంద సంస్థను వెతికి దానితో కలిసి అడగడమే దారి.

విదేశీ సొమ్ము ఇంకా కష్టం. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం ఒక్క డాలరు కూడా ముట్టకూడదు. 2020 సవరణ తర్వాత నమోదున్న సంస్థ తాను తెచ్చిన సొమ్మును మరో సంఘానికి మళ్లించకూడదు. "అమెరికా ఫండు మీ ఊరి ఖాతాలో వేయిస్త" అని ఎవరైనా అంటే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం 2020 ఫిబ్రవరిలో మొదలైంది. ఆ పథకం కింద ఎంపికైన సంఘానికి మూడేళ్లలో 18 లక్షల దాకా నిర్వహణ ఖర్చు, సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా 2 వేల దాకా, మొత్తం 15 లక్షలకు మించకుండా గ్రాంటు ఏర్పాటు చేశారు. మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులుండాలి. 10 వేల సంఘాల లక్ష్యం 2025 ఫిబ్రవరికి నిండింది. కనుక కొత్తది పెట్టాలన్న తొందర కన్నా మన మండలంలో ఉన్నదానిలో చేరడం మేలు. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతులు కట్టెలు తక్కువ కాల్చే ఆవిరి యంత్రాన్ని ఒక్కొక్కరుగా కొనలేరు. సంఘంగా కొనగలరు.

దళారితో జాగ్రత్త

కొన్నేళ్ల కింద మా దగ్గరి ఊరికి ఒక పెద్దమనిషి మంచి చొక్కా వేసుకొని వచ్చాడు. చెట్లు పెట్టడానికి పెద్ద గ్రాంటు ఇప్పిస్తానన్నాడు. "ప్రాజెక్టు రాసే ఖర్చు" అని ఇంటికి 500 చొప్పున వసూలు చేశాడు. నేనూ ఇచ్చినవాణ్ణే. మళ్లీ కనబడలేదు. పోయిన 500 కన్నా పెద్ద నష్టం వేరే ఉంది. అప్పటి నుంచి ఆ ఊర్లో సంఘం అంటే ఎవరూ ముందుకు రావడం లేదు.

ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల పేరుతో వరి రైతుల దగ్గరికి కంపెనీలు వస్తున్నాయి. వాటి వెనుక ఉన్న పద్ధతి మంచిదే. పొలంలో ఎప్పుడూ నీరు నిలిస్తే మీథేన్ అనే వాయువు పుడుతుంది. చిల్లులున్న గొట్టం పాతి, నీరు మట్టికి అర అడుగు కిందికి దిగిన తర్వాతే మళ్లీ తడి పెడితే నీళ్లూ మిగులుతాయి, మీథేనూ తగ్గుతుంది. పూత దశలో మాత్రం పొలం ఎండనివ్వరాదు. ఇది చేయడానికి ఏ కంపెనీ అక్కరలేదు. క్రెడిట్ల సొమ్ము కోసం సంతకం పెట్టేముందు మాత్రం నాలుగు సంగతులు చూడాలి. ఒప్పందం ఎన్నేళ్లు? అమ్మిన ధరలో రైతు వాటా ఎంత? మధ్యలో మానుకుంటే జరిమానా ఉందా? కాగితం తెలుగులో ఉందా? చైనాలో వరి మీథేన్ ప్రాజెక్టులు 37 లెక్కలు సరిగా లేక 2024లో రద్దయ్యాయి. లెక్క తప్పితే క్రెడిట్ గాలిలో కలుస్తుంది.

లెక్క ఎట్లా రాయాలి?

ఒక నోటుబుక్కు చాలు. మొదటి పేజీలో ఊరి కుంటలు, ఒర్రెలు, చెక్‌డ్యాంలు, ఏ ఏడు ఏది నిండింది, ఏది తెగింది. రెండో పేజీలో బావులు, బోర్లు, యాసంగి ఆఖరున నీటి లోతు. మూడో పేజీలో వాన. వాన కొలిచే గాజు పాత్ర బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టి ఒక పిల్లవాడికి ఆ పని అప్పజెప్పండి. ఎకరంలో ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. 100 ఎకరాల గుట్టవాలు మీద అయితే 40 లక్షల లీటర్లు. అంతా పారదు, కొంత భూమిలో ఇంకుతుంది. అయినా మన ఊరు ఏటా ఎంత నీటిని వాగులోకి వదిలేస్తున్నదో అప్పుడు కండ్లకు కడుతుంది. నాలుగో పేజీలో ఊరు ఇవ్వగలిగేది: ఎన్ని రోజుల శ్రమ, ఎన్ని ట్రాక్టర్లు, ఎన్ని పైసలు. ఆఖరి పేజీలో బయటి నుంచి కావలసింది.

ఆడవాళ్ల సంఘాలకు పుస్తకం రాయడం మనకన్నా బాగా తెలుసు. ఖాతా వారి పేర్లతో కలిపి ఉంటే మంచిది. ప్రతి నెలా జమ ఖర్చులు పంచాయతీ గోడ మీద రాయాలి. సందేహం ఉంటే పొలాస పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మనకు దగ్గరే.

ప్రభుత్వం చేయవలసింది

తప్పంతా రైతుదే అంటే అన్యాయమే. గ్రాంటు దరఖాస్తు ఇంగ్లీషులో, కంప్యూటరులో, నలభై పేజీలుంటే రెండెకరాల రైతు ఎక్కడ నింపుతాడు? అందుకే దళారి పుడుతున్నాడు. చిన్న పనులకు రెండు పేజీల తెలుగు దరఖాస్తు ఉండాలి. జగిత్యాల, సిరిసిల్ల కలెక్టరేట్లలో ఈ నిధులన్నింటి వివరం చెప్పే ఒక్క బల్ల, ఒక్క మనిషి ఉండాలి. తిరస్కరిస్తే ఎందుకో రాసి ఇవ్వాలి. ఇవి గొంతెమ్మ కోరికలేమీ కావు.

అవి వచ్చేదాకా మనం ఆగనక్కరలేదు. వచ్చే గ్రామసభకు ఆ నోటుబుక్కు పట్టుకొని పోండి. "పైసలు ఎవరిస్తరు?" అని వెనుక నుంచి గొంతు లేస్తే, "ముందు మనమెంత ఇస్తమో ఇండ్ల రాసి ఉన్నది, చూడు" అని చెప్పండి. మాట అక్కడ ఆగదు, అక్కడి నుంచే మొదలవుతుంది.