కళాదర్శనం: సొంత పలుకుతో నిలిచిన రంగస్థలం

నటుడు, దర్శకుడు, కవి, పత్రికా రచయిత, గాయకుడు – ఇన్ని పాత్రలను ఒకే జీవితంలో పోషించి, అన్నింటా రాణించినవారు అరుదు. అట్టివారిలో హబీబ్ తన్వీర్ ఒకరు. ఆయన 1923 సెప్టెంబరు 1వ తేదీన మన పొరుగునున్న రాయపూర్‌లో జన్మించారు. ఆయన స్థాపించిన 'నయా థియేటర్' 1959లో పుట్టింది. మన కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌కు రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభోత్సవం చేసినదీ ఆ సంవత్సరమే.

నాగపూర్‌లో పట్టభద్రుడైన తన్వీర్ 1945లో బొంబాయి చేరి, రేడియోలోను, సినిమాలలోను పనిచేస్తూ 'ఇప్టా' నాటకోద్యమంలో భాగస్వామి అయ్యారు. ఆ ఉద్యమమే ఆంధ్రదేశంలో ప్రజానాట్యమండలిగా వెలసి బుర్రకథకు కొత్త ఊపిరి పోసింది. ఆ మండలి సారథి డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో 'పుట్టిల్లు' చిత్రాన్ని రూపొందించిన సంగతి పెద్దలకు గుర్తుండవచ్చు. తన్వీర్ 1954లో ఢిల్లీలో 'ఆగ్రా బజార్' ప్రదర్శించి, మరుసటి ఏడు ఇంగ్లండు వెళ్ళి నాటకవిద్య అభ్యసించారు. అటుపై బెర్లిన్‌లో బ్రెహ్ట్ నాటకాలను శ్రద్ధగా తిలకించారు.

విదేశాల నుండి తిరిగివచ్చిన ఆయన దృష్టి మాత్రం ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో రాత్రంతా సాగే 'నాచా' మీద నిలిచింది. 1958లో శూద్రకుని మృచ్ఛకటికాన్ని 'మిట్టీ కీ గాడీ'గా ప్రదర్శించినపుడు ఆరుగురు నాచా కళాకారులకు అందులో పాత్రలిచ్చారు. అయితే, పల్లెలో జనాన్ని ఉర్రూతలూగించే ఆ నటులే ఆయన నాటకాలలో తడబడేవారు. ఎందువల్ల? కారణం తెలియడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. వారిచేత తమది కాని హిందీ పలికించడం ఒక లోపం. కుడికి ఇన్ని అడుగులు, ఎడమకు ఇన్ని అడుగులు అని కదలికలను కట్టడి చేయడం మరొకటి. 1970ల ఆరంభంలో ఈ రెండు సంకెళ్ళూ తెంచివేశారు. నటులు ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడారు. తమకు తోచినట్లు కదిలారు. నాటకానికి ప్రాణం వచ్చింది.

ఆ మార్పుకు మకుటాయమానమైనది 'చరణ్‌దాస్ చోర్'. విజయ్‌దాన్ దేథా చెప్పిన రాజస్థానీ కథ దీనికి ఆధారం. గురువుకిచ్చిన మాట కోసం ప్రాణమైనా వదలుకునే దొంగ కథ ఇది. దీని తొలిరూపం మన భిలాయిలో జరిగిన శిక్షణ శిబిరంలోనే రూపుదిద్దుకొని, బహిరంగ మైదానంలో, సత్యమే దైవమని నమ్మే సత్‌నామీల సమక్షంలో ప్రదర్శితమైంది. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో పురస్కారం అందుకున్నదీ ఈ నాటకమే. మన మైదానపు మాట అంత దూరం వినిపించింది!

ఈ కథను శ్యామ్ బెనెగల్ 1975లో చలనచిత్రంగా తీశారు. నాచా నటుడు లాలూరామ్ కథానాయకుడు. స్మితా పాటిల్ రాజకుమారి. అటెన్‌బరో 'గాంధీ'లోను తన్వీర్ నటించారు. 2002లో పద్మభూషణ్ అందుకున్న ఆయన 2009 జూన్ 8న భోపాల్‌లో కన్నుమూశారు. మరుసటి సంవత్సరమే విడుదలైన 'పీప్లీ లైవ్'లో ప్రధాన పాత్రధారి ఓంకార్‌దాస్ మాణిక్‌పురీ నయా థియేటర్‌లో తీర్చిదిద్దబడిన మన భిలాయివాసియే.

ఈ జీవితం నుండి మన సెక్టర్ 6 తెలుగు కుటుంబాలు గ్రహించవలసినది ఒకటున్నది. ఉగాది వేడుకలకు పిల్లలచేత నాటిక వేయించేటపుడు తెలుగు సంభాషణలను హిందీ లిపిలో వ్రాసియిచ్చి వల్లె వేయిస్తాము. పాపం, వారు అప్పజెబుతారు గాని పలకలేరు. పుస్తకపు తెలుగును పక్కనుంచి, ఇంట్లో నాయనమ్మ మాట్లాడే శ్రీకాకుళపు మాట, విజయనగరపు యాస వారి నోట పలకనిచ్చి చూడండి. హిందీ కలిస్తే కలవనివ్వండి. యాసను వెలితిగా గాక బలంగా ఎంచడమే తన్వీర్ మనకు విడిచివెళ్ళిన సంపద. పరాయి నేలపై పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు మిగలాలంటే, ముందు అది వారి సొంత మాట కావాలి.