పూలకుండీల పక్కన విషపు సీసా వద్దు



ఇల్లు కట్టుకున్నవారెవరైనా ముందు కొంచెం జాగా వదిలి నాలుగు మొక్కలు పెట్టుకోవాలని ఆశపడతారు. అది మంచి ఆశ. మన సంఘ కుటుంబాలను పలకరించడానికి వెళ్ళినప్పుడల్లా గుమ్మం పక్కన మల్లెతీగ, పెరట్లో కరివేపాకు చెట్టు, గోడవార బొప్పాయి చూసి మేము సంతోషిస్తుంటాము. కొత్త కాలనీల్లో వీటికి తోడు ఇంటి ముందు లాన్ కూడా పెంచుతున్నారు. ఆ సరదాను మేము తప్పు పట్టము. కాని లాన్‌తో పాటు ఇంట్లోకి వచ్చి చేరే ఒక వస్తువు గురించి మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడాలి. అదే మందు సీసా. గులాబీలకు పురుగుమందు, గచ్చు సందుల్లో మొలిచే కలుపుకు గడ్డిమందు.

కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం నాలుగేళ్ళ బాబును భుజాన వేసుకుని వాళ్ళ నాన్న క్యాజువాలిటీలోకి పరుగున వచ్చాడు. నోటి నుంచి చొంగ కారుతోంది, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత చిన్నవైపోయాయి, ఊపిరి అందడం లేదు. పొలం ఉన్న కుటుంబం కాదు. నాన్న ఆఫీసులో పనిచేస్తాడు. ఇంటి ముందున్న గులాబీలకు చీడ పట్టిందని తెలిసినవారి పొలం నుంచి కొంచెం మందు తెచ్చి, కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టారు. ఆడుకుని దాహమైన పిల్లవాడికి అది కూల్‌డ్రింకే కదా! ఆ రాత్రంతా అట్రోపిన్ ఇస్తూ, నాడి చూస్తూ, నోరు సక్షన్ చేస్తూ మా సిస్టర్లు ఇద్దరు మంచం దగ్గర నుంచి కదలలేదు. పదకొండో రోజున బాబు ఇంటికి వెళ్ళాడు. అరగంటలో తీసుకురావడం, సీసాను కూడా వెంట తేవడం ఆ బిడ్డను కాపాడాయి. వాళ్ళమ్మ ఆ పదకొండు రోజులూ ఒకే మాట అనేది: "సిస్టరమ్మా, ఆ సీసా నేనే కడిగి ఇచ్చానమ్మా." ఆమెకు చెప్పడానికి మా దగ్గర మాట లేకపోయింది.

అదే గడ్డిమందు అయితే మా చేతుల్లో కూడా ఏమీ ఉండదు. పారాక్వాట్ అనే గడ్డిమందుకు విరుగుడు లేదు. మింగినవారు మొదటి రోజు మామూలుగానే మాట్లాడతారు, ఇంటికి పంపేయమని కూడా అడుగుతారు. తరువాత నోరు పుండై, మూత్రపిండాలు దెబ్బతిని, కొద్ది రోజుల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. తెలివిలో ఉండి మాట్లాడుతున్న మనిషి అలా రోజురోజుకూ ఊపిరి అందక పోవడం చూడటం కన్నా కష్టమైన డ్యూటీ మాకు తెలియదు. ఒక క్షణం కోపంలోనో, నిరాశలోనో చెయ్యి చాచినప్పుడు ఇంట్లో ఆ సీసా లేకపోతే ఆ మనిషి బ్రతికి ఉంటాడు. అందుకే గచ్చు మీద గడ్డి కోసం ఆ సీసాను ఇంటికి తేవద్దని మేము చెప్పేది.

2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఆ మందును కూరగాయల మీద వాడరాదని 2005లోనే ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను నిలిపివేసింది. 2022 అక్టోబరులో గ్లైఫోసేట్ గడ్డిమందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆంక్షలు కాగితం మీద ఉంటాయి, సీసా మాత్రం మెట్ల కిందే ఉంటుంది.

ఇతరులకు చెప్పే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా నర్సుల హాస్టల్ ముందు చాలా ఏళ్ళు లాన్ ఉండేది. నెలకొకసారి తోటమాలి వచ్చి మందు కొట్టేవాడు. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. పంపు, డబ్బా రెండూ చీపుర్లు పెట్టే గదిలోనే ఉండేవి. సాయంత్రం అదే గడ్డి మీద కూర్చుని మేము టీ తాగేవాళ్ళం, స్టాఫ్ పిల్లలు దొర్లేవారు. ఈ మందులు నోటి ద్వారానే కాదు, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళ్తాయని తరగతిలో పాఠం చెప్పేది మేమే! పై సంగతి జరిగిన తరువాత సిగ్గుపడి ఆ డబ్బా తీసేయించాము. లాన్‌లో సగం తవ్వించి తోటకూర, గోంగూర, బచ్చలి వేశాము. మిగతా సగంలో గరికను ఉండనిచ్చాము.

గరిక గురించి ఒక మాట. నర్సరీల్లో అమ్మే మెత్తని గడ్డి రకాలు చూడముచ్చటగా ఉంటాయి, కాని మన ఎండలకు నీళ్ళు విపరీతంగా కావాలి. లెక్క వేసి చూడండి. చదరపు మీటరుకు ఒక మిల్లీమీటరు తడి అంటే ఒక లీటరు. వేసవిలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు పెట్టాలంటే వంద చదరపు మీటర్ల లాన్ 500 లీటర్లు తాగుతుంది. వీధి కొళాయి దగ్గర బిందెల వరుస ఉన్న ఊళ్ళో ఇది సబబేనా? గరిక అయితే ఎండకు పసుపుపచ్చగా మారినా వానపడితే మళ్ళీ లేస్తుంది. మరీ నేల కంటా కత్తిరించకుండా రెండు అంగుళాలు ఉంచితే నేల తడి ఆరదు, కలుపు కూడా తక్కువే. కత్తిరించిన గడ్డిని అక్కడే వదిలేస్తే అదే ఎరువు. రోజూ పైపైన చిలకరించే కంటే వారానికి రెండుసార్లు తెల్లవారుజామున బాగా తడపడం మేలు.

"మందు కొట్టకపోతే గులాబీ పూయదండీ" అని పాస్టరమ్మ గారు మాతో వాదించారు. కొంతవరకు నిజమే. మందు మానిన మొదటి ఏడాది మా మొక్కలు కూడా దిగాలుపడ్డాయి. కాని మందు పేనుబంకతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగులను కూడా చంపేస్తుంది. ఆ తరువాత చీడ రెట్టింపై వస్తుంది, మనం మళ్ళీ మందు కొడతాము. ఇప్పుడు మేము చేస్తున్నది ఇంతే: పిండినల్లి కనిపిస్తే గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టడం, పల్చని సబ్బు నీళ్ళతో తుడవడం. అప్పటికీ తగ్గకపోతే వేప పిక్కల పొడి 50 గ్రాములు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లడం. వేప అన్నాము కదా అని వేపనూనెను పసిపిల్లలకు మాత్రం తాగించవద్దు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది.

రాలిన ఆకులు తగలబెట్టడం కూడా మానాలి. చలికాలం ఉదయాన్నే వీధిలో ఆకుల పొగ లేచిందంటే ఉబ్బసం ఉన్నవారు నెబ్యులైజర్ కోసం వస్తారని మాకు తెలిసిపోతుంది. పెరట్లో ఒక మూల గుంట తీసి, ఆకులు, కూరగాయ తొక్కలు, కాస్త పేడ పొరలుగా వేసి తడుపుతూ ఉంటే మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. అయితే ఆకుల కుప్ప ఇంటి గోడకు ఆనించి వేయకండి. అందులో పాములు చేరతాయి. చీకట్లో పెరట్లోకి వెళ్ళేటప్పుడు చెప్పులు, టార్చిలైటు మరవద్దు.

కుండీల కింద పెట్టే పళ్ళాలలో నిలిచిన మంచినీటిలోనే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. నీళ్ళు పారబోస్తే సరిపోదు. అంచుకు అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బ్రతికే ఉంటాయి కనుక పీచుతో రుద్ది కడగాలి. శుక్రవారం డ్రై డే అని వైద్య సిబ్బంది చెప్పేది ఇందుకే.

ఖాళీ జాగాల్లో తెల్లపూలతో పెరిగే వయ్యారిభామను పూత రాకముందే వేళ్ళతో సహా పీకాలి, అదీ చేతులకు తొడుగులు వేసుకుని. దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం దానివల్ల వస్తాయి. పచ్చగన్నేరు విషయం కూడా చెప్పాలి. పూలు బాగుంటాయని గేటు పక్కన పెంచుతారు గాని, దాని కాయలోని పప్పు గుండె కొట్టుకునే తీరునే చెడగొడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా బడి ఆవరణలో, దాన్ని తీసేసి మందారమో నందివర్ధనమో వేసుకోండి.

గుడి ఆవరణల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఆదివారం బడి పిల్లలు కూర్చునేది ఆ గడ్డి మీదే. పండుగ ముందు అందం కోసం గడ్డిమందు కొట్టించే అలవాటు ఉంటే మానండి. నాలుగు కొడవళ్ళు, యువజనుల ఒక్క శనివారం చాలు.

ఇప్పటికే ఇంట్లో మందు ఉన్నవారు దాన్ని వేరే సీసాలో పోయకుండా, లేబుల్ ఉన్న డబ్బాలోనే తాళం వేసి ఉంచండి. కాలువలో, బావి దగ్గర పారబోయవద్దు. దాన్ని ఏం చేయాలో మండల వ్యవసాయాధికారిని అడగండి. ఎవరైనా మింగితే ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు, చింతపండు రసం పట్టి కక్కించే ప్రయత్నం చేయవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ప్రమాదం. ఒంటి మీద పడితే బట్టలు విప్పి సబ్బుతో కడగండి. తెలివి తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, సీసాను తప్పక వెంట తీసుకురండి.

మా హాస్టల్ తోటలో ఈసారి కరివేపాకు, మునగ మొలకలు చాలా ఉన్నాయి. కావలసినవారు ఓపీకి వచ్చినప్పుడు ఇంజక్షన్ గదిలోని సిస్టర్‌ను అడిగి తీసుకువెళ్ళవచ్చు. పాత పాల కవరు ఒకటి మీరే తెచ్చుకోండి.